శుక్లం ఆపరేషన్ తరువాత ఆరు వారాలు: చూపు బాగుందని మందు ఆపకండి

శుక్లం తీయించుకోవాలంటే చలికాలం రావాల్సిందేనన్న నమ్మకం మన ఇళ్ళలో ఇంకా పోలేదు. శుక్లాన్ని అల్ట్రాసౌండ్ తరంగాలతో నలిపి తీసే ఫేకో పద్ధతిలో కోత 2.2 నుంచి 2.8 మిల్లీమీటర్లే. చేతి పరికరాలతో చేసే చిన్న కోత ఆపరేషన్‌లో 6 మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటుంది. రెండింటికీ మామూలుగా కుట్లు పడవు. ఎండాకాలంలో చేయించుకున్నా పుండు పడేదేమీ లేదు. నిజానికి చిక్కు చలికాలంతోనే. కోలుకోవాల్సిన ఆరు వారాల్లోనే కార్తీక స్నానాలు, వరి నూర్పిళ్ళు, భోగి మంటలు, గాలిపటాలు, సెలవులకు దిగిన మనవలు, వీటిలో ఏదో ఒకటి వచ్చి పడుతుంది.

కట్టు విప్పిన మర్నాడో మూడోనాడో ఇంట్లో సంబరం మొదలవుతుంది. గోడ మీది క్యాలెండర్లో తారీకులు కనిపిస్తాయి. గుమ్మం అవతల వచ్చేదెవరో గొంతు వినకుండానే తెలుస్తుంది. ఒక కంటికే ఆపరేషన్ అయితే ఒక చిన్న సరదా ఉంది: తెల్లటి పంచెను ఎదురుగా ఆరేసి ఒక్కో కన్నూ మూసి చూడమనండి. కొత్త కంటికి అది నీలి మందు పెట్టి ఉతికినట్టు, పాత కంటికి టీ డికాక్షన్‌లో ముంచి తీసినట్టు కనిపిస్తుంది. కంటిలో పుట్టుకతో ఉండే లెన్సు ముదిరితే పసుపు, గోధుమ రంగులకు తిరిగి నీలం వెలుగును ఆపేస్తుంది కాబట్టి ఈ తేడా. ‘‘ఇన్నాళ్ళూ ఈ గోడ ఇంత మాసిందని తెలీదు’’ అనని పెద్దావిడ ఉండదు.

ఆ సంబరంలోనే తప్పు జరుగుతుంది. నొప్పి లేదు, చూపు బాగుంది, ఇంక మందెందుకు అనిపిస్తుంది. పైన కోత మూసుకున్నా కంటి లోపలి వాపు తగ్గడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ వాపు బయటికి కనపడదు.

మూడో వారంలో సీసా అయిపోతుంది

సాధారణంగా రాసేవి రెండు మూడు రకాల చుక్కలు. ఒకటి సూక్ష్మక్రిములు చేరకుండా వేసే మాక్సిఫ్లాక్సాసిన్ వంటిది. దాన్ని వారం రెండు వారాలు వేసి ఒక్కసారే ఆపేస్తారు. రెండోది పాలలా తెల్లగా ఉండే ప్రెడ్నిసొలోన్, వాపు తగ్గించే స్టెరాయిడ్. దీన్ని ఒక్కసారిగా ఆపకూడదు, మెట్టు మెట్టుగా తగ్గించాలి. మన దగ్గర ఎక్కువగా రాసే వరుస ఇది: మొదటి వారం రోజుకు ఆరుసార్లు, రెండో వారం ఐదు, ఆపైన నాలుగు, మూడు, రెండు, ఒకటి. మీ చీటీలో వేరేగా ఉంటే దాన్నే పాటించండి.

ఇప్పుడు లెక్క చూడండి. ఆ వరుసలో మొత్తం 147 చుక్కలు కావాలి. 5 మిల్లీలీటర్ల సీసాలో ఉండేవి సుమారు వంద. చెంప మీద పడినవి, గురి తప్పినవి తీసేస్తే ఇంకా తక్కువే. అంటే మూడో వారంలో సీసా ఖాళీ అవుతుంది. అప్పటికి చూపు బాగుంటుంది, ‘‘కోర్సు అయిపోయింది’’ అనుకుంటారు. పది రోజులకు కన్ను ఎర్రబడి, వెలుగు చూడలేక, చూపు మసకబారి మళ్ళీ ఆసుపత్రికి వస్తారు. రెండో సీసా ముందే కొని పెట్టుకోండి. దీనికి వ్యతిరేకమైన తప్పూ ఉంది: ‘‘ఈ మందు పడింది’’ అని నెలల తరబడి సొంతంగా వేసుకుంటే కంటిలో ఒత్తిడి పెరిగి, నరం దెబ్బతిని, ఆపరేషన్ తెచ్చిన చూపును అదే తీసుకుపోగలదు.

చుక్క వేసే తీరు

వేసేవారు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పెద్దవారిని వెల్లకిలా పడుకోబెట్టండి, కూర్చుని తల వెనక్కి వాల్చడం కంటే అదే తేలిక. తెల్ల మందు సీసాను బాగా ఊపండి. ఊపకపోతే మందు అడుగున పేరుకుని, మొదటి రోజుల్లో పైనున్న నీళ్ళే కంట్లో పడతాయి. కింది రెప్పను చూపుడు వేలితో కొద్దిగా కిందికి లాగితే ఒక జేబులా ఏర్పడుతుంది, చుక్క అందులో పడాలి. నల్లగుడ్డు మీద నేరుగా వేస్తే ఉలిక్కిపడి రెప్ప బిగిస్తారు, మందు బయటికి పోతుంది. సీసా మూతి రెప్పకు గాని వెంట్రుకలకు గాని తగలకూడదు. తగిలితే సీసాలోకి క్రిములు చేరతాయి.

ఒక్క చుక్క చాలు. ఒక చుక్కలోనే కన్ను పట్టగలిగినదానికంటే ఎక్కువ మందు ఉంటుంది, రెండోది చెంప తడపడానికే. వేశాక కన్ను మెల్లగా మూసి, ముక్కు పక్క మూలను వేలితో ఒక నిమిషం అదిమి ఉంచండి. కనుగుడ్డును మాత్రం నొక్కకండి. ఒక మందుకూ ఇంకో మందుకూ మధ్య కనీసం ఐదు నిమిషాలు, పది అయితే మేలు. వెంటవెంటనే వేస్తే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది.

చూపు మసకగా ఉన్నవారికి చిన్న సీసాలన్నీ ఒకేలా కనిపిస్తాయి. తెల్ల మందుకు ఒక రబ్బరు బ్యాండు చుట్టండి. చెవి చుక్కలు, తక్షణం అతుక్కునే జిగురు సీసా, పాత కంటి మందులు ఆ అలమరలోంచి తీసి ఇంకో గదిలో పెట్టండి. జిగురును కంటి మందనుకుని వేసుకున్న ప్రమాదాలు నిజంగానే జరుగుతుంటాయి. మూత తీసిన తేదీ సీసా మీద రాయండి. నెల దాటితే మందు మిగిలి ఉన్నా పారేయాల్సిందే.

నీళ్ళు, పొగ, దుమ్ము

మెడ కింద స్నానం మర్నాటి నుంచే చేయవచ్చు. తలస్నానం రెండు వారాలు వద్దు. తప్పకపోతే మంగలి షాపులో చేసినట్టు తల వెనక్కి వాల్చి ఇంకొకరితో చేయించుకోవాలి. నదిలో, చెరువులో, కోనేట్లో మునక మాత్రం ఆరు వారాలు మానేయండి. కార్తీకమైనా సరే, నీళ్ళు తల మీద చిలకరించుకోవడం కూడా వద్దు, కాళ్ళు కడుక్కుని రండి.

కంటి పుసి తుడవడానికి చీర కొంగు, పంచె అంచు పనికిరావు. శుభ్రమైన దూదిని నీళ్ళలో వేసి పది నిమిషాలు మరిగించి, మూత పెట్టి చల్లార్చండి. పిండిన దూదితో మూసిన రెప్ప మీద ముక్కు వైపు నుంచి చెవి వైపుకు ఒక్కసారి తుడిచి, ఆ ముక్క పారేయండి.

కట్టెల పొయ్యి, మిరపకాయల ఘాటు, నూర్పిడి దుమ్ము, భోగి పొగ కంటిని మండించి చేత్తో నలిపేలా చేస్తాయి. అసలు భయం ఆ నలపడమే. నల్ల కళ్ళద్దాలు వెలుగును తగ్గిస్తాయి, చెయ్యి పోకుండా అడ్డుపడతాయి. అంతకుమించి అవి క్రిములను ఆపవు. రాత్రి నిద్రలో చెయ్యి ఎటు పోతుందో తెలియదు కనుక కనీసం వారం పాటు చిల్లుల ప్లాస్టిక్ డొప్ప పెట్టి టేపు వేయాలి. డొప్ప అంచులు నుదుటి ఎముక మీద, చెంప ఎముక మీద ఆనాలి, రెప్ప మీద కాదు. ఆపరేషన్ అయిన వైపు పడుకోవద్దు. చంటిపిల్లలను ఎత్తుకుంటే వాళ్ళ చెయ్యి ముందు పోయేది కళ్ళద్దాల మీదికే, కొన్నాళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని ఆడించండి. నీళ్ళ బిందెలు, బియ్యం బస్తాలు, సాష్టాంగ నమస్కారాలు నెల రోజులు ఆగవచ్చు. కాటుక, తేనె, ఆముదం, చనుబాలు వంటివి కంట్లో ఎప్పుడూ వేయకూడదు, ఇప్పుడు అసలే వద్దు.

తిండికి పథ్యం లేదు. పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ తింటే దురద వస్తుందని పెద్దవాళ్ళను కారప్పొడి మెతుకులతో ఉంచుతారు. పప్పుకూ చీముకూ సంబంధం లేదు. ఆకుకూరలు, నీళ్ళు బాగా ఇవ్వండి, మలబద్ధకంతో ముక్కడం తగ్గుతుంది. షుగరు ఉన్నవారు దాన్ని అదుపులో పెట్టుకోవడమే అసలు పథ్యం.

ఏది మామూలు, దేనికి పరుగెత్తాలి

మొదటి రెండు మూడు రోజులు కంట్లో ఇసుక పడ్డట్టుండటం, నీరు కారడం, పొద్దున్నే మంచు తెరలా ఉండి మధ్యాహ్నానికి తగ్గడం మామూలు. కణత వైపు నల్లటి నెలవంక నీడ కొందరికి కనిపిస్తుంది, చాలామందిలో వారాల్లో అదే తగ్గిపోతుంది.

బాగా కనిపించిన కంటికి చూపు తగ్గుతుంటే, నొప్పి పెరుగుతుంటే, ఎరుపు ముదురుతుంటే, రెప్ప వాచి చీము వస్తుంటే అది కంటి లోపలి ఇన్ఫెక్షన్ కావచ్చు. అరుదే, కానీ ఎక్కువగా మొదటి వారంలోనే వస్తుంది, కంటిని గంటల్లో పాడు చేస్తుంది. రేపు ఆదివారం, సోమవారం వెళ్దాం అనుకోవద్దు. మందుల షాపులో అడిగి చుక్కలు కొనడమూ వద్దు. ఆ రాత్రే ఆపరేషన్ చేసిన చోటికి వెళ్ళాలి. మెరుపులు మెరవడం, నల్లటి నలుసులు ఒక్కసారిగా గుంపుగా రావడం, ఒక పక్క నుంచి తెర దిగినట్టుండటం, ఇవి కంటి లోపల వెనక వైపుండే పొర, రెటీనా, ఊడుతోందనడానికి గుర్తులు. మొదటి నుంచీ దూరపు చూపుకు మైనస్ పవరు ఎక్కువ ఉన్నవారు దీన్ని మరీ గమనించుకోవాలి.

ఇంకా ఆపరేషన్‌కు వెళ్ళనివారు మూడు సంగతులు దాచకండి. మూత్రం ధార కోసం టామ్సులోసిన్ మాత్ర ఎప్పుడైనా వాడారా? దానివల్ల కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర వదులై ఆపరేషన్ కష్టమవుతుంది, మానేసినా చెప్పాలి. రక్తం పలచన చేసే మాత్రలు వేసుకుంటున్నారా? వాటిని సొంతంగా ఆపకండి. కంటికురుపు గాని కండ్లకలక గాని ఉందా? ఉంటే వాయిదా పడుతుంది, పడనివ్వండి.

రెండో కంటికి ఆపరేషన్ అయ్యేదాకా రెండు కళ్ళకూ పొంతన ఉండదు. టీ పోస్తే కప్పు పక్కన పడుతుంది, చివరి మెట్టు దాటిందనుకుని కాలు జారుతుంది. మెట్ల పక్క గోడ పట్టుకుని దిగండి. పాత కళ్ళజోడు పెట్టుకుంటే కొత్త కన్ను మసకగా ఉంటుంది, ఆ వైపు అద్దం తీయించుకోవచ్చు. కొత్త జోడు పవరు నిలకడ పడ్డాక, నాలుగు నుంచి ఆరు వారాలకు రాయించుకోండి. ఒకే దూరానికి సరిపడే మామూలు లెన్సు వేయించుకున్నవారికి దూరం బాగున్నా పేపరు చదవడానికి జోడు కావాలి. అది ఆపరేషన్ లోపం కాదు.

నెలలకో ఏళ్ళకో చూపు మళ్ళీ మసకబారితే ‘‘పొర తిరిగొచ్చింది’’ అంటారు. శుక్లం తిరిగి రాదు. ఆపరేషన్‌లో వేసిన లెన్సు వెనకున్న సన్నటి పొర మందమవుతుంది, యాగ్ లేజరుతో కోత లేకుండా కొద్ది నిమిషాల్లో దారి చేస్తారు. ఆ రోజు కోసం, రెండో కంటి కోసం, లెన్సు పవరు అంటించిన చిన్న కార్డును ఆధార్ జిరాక్సు పక్కన భద్రంగా పెట్టండి.