ఆఖరి కుట్టు మీద ఉన్నప్పుడు మొదలెట్టాను: బరువు తగ్గే పని మధ్యలో వదిలీకుండా ఎలా నెట్టుకురావాలి

పదహారేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను, శ్రీకాకుళంలో మా ఇంటి ముందు గదిలోనే మిషను. జాకెట్టు పక్కన మేం ఒక్క కుట్టు వేసి ఊరుకోం, లోపల గుడ్డ వదిలి వరసగా మూడు వేస్తాం, మనిషి ఒళ్ళు చేస్తే లోపలి కుట్టు ఒకటి విప్పుకుంటే సరిపోద్దని. నా జాకెట్లకి మొదటిది విప్పీసాను, తర్వాత రెండోదీ విప్పీసాను, ఇంక ఆఖరి కుట్టు మీద నడుస్తోంది బండి, అదీ బిగుతైపోతే కొత్త గుడ్డ కొనుక్కోడమే. అప్పుడు నా ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు, నడుము 40 అంగుళాలు. రోజంతా టేపు మెడలోనే వేలాడతాది, ఊరందరి నడుమూ కొలుస్తాను, నాది మాత్రం కొలుచుకోడానికి నాలుగేళ్ళు భయపడ్డాను. ఇప్పుడు 67 కిలోలు, నడుము 35, దీనికి 16 నెలలు పట్టింది. గొప్పేం కాదు, కానీ ఇంతకుముందు ఆరుసార్లు మొదలెట్టి ఆరుసార్లూ వదిలీసినదాన్ని కాబట్టి ఈసారి ఎందుకు వదల్లేదో చెప్తాను, మీకేమైనా పనికొస్తాదేమో.

ముందు ఒక మాట, ఉత్సాహం మీద ఆధారపడకండి. సోమవారం పొద్దున్న ఉన్న ఊపు గురువారం సాయంత్రానికి ఉండదు, ఎవరికీ ఉండదు, అది మీ తప్పు కాదు. పైగా మొదటి వారం మనల్ని మోసం చేస్తాది. అన్నం, తీపి తగ్గించగానే వారంలో రెండు కిలోలు పడిపోతాయి, ఓహో ఇంత సులువా అనుకుంటాం, కానీ అందులో ఎక్కువ కొవ్వు కాదు నీరు. ఒంట్లో పిండిపదార్థం గ్లైకోజెన్‌గా దాచుకుని ఉంటాది, దాంతోపాటు దానికి మూడింతల నీరు కూడా పట్టి ఉంటాది, ముందు అది పోతాది. తర్వాత రెండు వారాలు ముల్లు కదలదు, మనం "నా ఒంటి తత్వమే ఇంత" అనీసి బజ్జీల బండి దగ్గరికి వెళ్ళిపోతాం. నేను ఆరుసార్లూ ఆగిపోయింది సరిగ్గా ఇక్కడే. కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కేలరీల తేడా రావాలి, కాబట్టి వారానికి అరకిలో తగ్గితే అదే బ్రహ్మాండం, అది ముందే తెలిస్తే నిరాశ రాదు.

అందుకే రోజూ బరువు మిషనెక్కి చూసుకోడం మానీండి. ఉప్పుచేప తిన్న మర్నాడూ, నెలసరి ముందూ కిలో ఎక్కువ చూపిస్తాది, అది నీరే. వారానికి ఒక్కసారి, ఒకే రోజు, పొద్దున్న ఏం తినకముందు చూసి రాసుకోండి చాలు. నెలకోసారి టేపు పెట్టండి, ఇది నా వృత్తి కాబట్టి చెప్తాను వినండి: లంగా కట్టుకునే చోట కాదు, కింది పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో, చాలామందికి అది బొడ్డు దగ్గరకొస్తాది, ఊపిరి వదిలాక, టేపు చర్మానికి ఆని ఉండాలి గానీ నొక్కకూడదు, కడుపు లోపలికి లాక్కోకూడదు. (కస్టమర్లంతా లాక్కుంటారు. మాకు తెలుసు, అందుకే అరంగుళం కలిపి రాస్తాం.) మన దేశం ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు అంటే 31న్నర అంగుళాలు, మగవాళ్ళకి 90 అంటే 35న్నర దాటితే సుగరు, గుండె జబ్బు ముప్పు ఎక్కువని డాక్టర్లు లెక్కేస్తారు. నాకింకా దారి ఉంది.

ఇంక అతిగా తినడం సంగతి. నేను తిండి ఎక్కువ తింటానని నాకు తెలుసు కానీ ఎప్పుడు తింటానో తెలీదు. కొలతల పుస్తకం వెనక పేజీల్లో పదిరోజులు రాసాను, కేలరీలు కాదు, ఎన్నింటికి తిన్నాను, దానికి ముందు ఏటైంది అని రెండే ముక్కలు. చూస్తే మధ్యాన్నం భోజనంలో పెద్ద తప్పు లేదు, దొంగలు రెండే రెండు: సాయంత్రం నాలుగున్నర, రాత్రి తొమ్మిదిన్నర. నాలుగున్నరకి ఎవరో ఒకరు జాకెట్టు బిగుతైందని తిరిగి పట్టుకొస్తారు, మాట అంటారు, నేను టీ పెట్టుకుని పకోడీలు తెప్పిస్తాను. రాత్రి అందరూ తినీసాక గిన్నెలు సర్దుతూ పిల్లలు వదిలిన అన్నం, అడుగున మిగిలిన కూర, నించునే తినీడం. మా అత్త "కూడు పారీకూడదమ్మా, ఆ రెండు ముద్దలూ తినీ" అంటాది, ఆ రెండు ముద్దలూ నా ప్లేటులో లెక్కకి రావు, నడుములో మాత్రం వస్తాయి. మీరూ పదిరోజులు రాసుకోండి, మీ దొంగ ఎప్పుడొస్తాడో తెలీకుండా తలుపుకి తాళం వేయలేరు కదా.

రాసుకున్నాక ఇంకోటి తెలిసింది. పొద్దున్న టీ తాగి పనిలో పడిపోతాను, టిఫిను ఉండదు, అదేదో డైటింగ్ అనుకునేదాన్ని. పగలంతా కడుపు మాడ్చుకుంటే సాయంత్రానికి ఆకలి అప్పు వసూలుకొచ్చినట్టు వస్తాది, అప్పుడు చెయ్యి ఆగమంటే ఆగదు. సాయంత్రం అతిగా తినడం ఆగాలంటే పొద్దున్న తినాలి, ఇది చాలామందికి ఎక్కదు. నేను చోడి (రాగి) అంబలికి మారాను, రాత్రి చోడిపిండి నీళ్ళలో కలిపి పులవబెట్టి, పొద్దున్న గుప్పెడు నూకలతో ఉడికించి, చల్లారాక మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి. బెల్లం వెయ్యకండి. పక్కన ఒకటో రెండో ఉడకబెట్టిన గుడ్లు, గుడ్డుకి ఆరు గ్రాముల ప్రోటీను, అది పొట్టని ఎక్కువసేపు పట్టి ఉంచుతాది. గుడ్డు తినని వాళ్ళకి పెసలో సెనగలో. అంబలి మంచిదని చెంబులు చెంబులు లాగించకండి మళ్ళీ, అదీ పిండే.

వంటింట్లో ఎక్కువ ఫలితం ఇచ్చింది నూనె. లెక్క చూడండి, లీటరు నూనె పేకెట్టంటే దాదాపు 8,200 కేలరీలు. మేం ఇంట్లో నలుగురం, నెలకి నాలుగు పేకెట్లు అయ్యేవి, ఇప్పుడు మూడు. ఒక పేకెట్టు తగ్గితే మనిషికి నెలకి రెండువేల కేలరీల పైమాట, అంటే పావుకిలో కొవ్వు, ఎవరూ ఏదీ మానకుండానే. మొదటి తేదీన మూడే తెచ్చి పెట్టుకోండి, అయిపోతే అప్పు అడక్కండి. అన్నం కూడా మానలేదు, మనకి మానితే వారం కూడా ఆగదు. వండిన అన్నం వంద గ్రాములకి 130 కేలరీలు, అదేం విషం కాదు, ఒక గిన్నె పెట్టుకుని దానితోనే కొలిచి వేసుకుంటాను, ముందు కూర సగం తినీసి తర్వాత కలుపుకుంటాను. పలాస నుంచి మా ఆడపడుచు వచ్చినప్పుడల్లా జీడిపప్పు తెస్తాది, అది వంద గ్రాములు 550 కేలరీలు దాటుతాది, డబ్బా ఒళ్ళో పెట్టుకుని టీవీ చూస్తే అయిపోయినట్టు కూడా తెలీదు. పది పలుకులు చిన్న గిన్నెలో వేసుకుని డబ్బా మళ్ళీ అటక మీదకి. అటక మీదకి అంటే నిజంగానే అటక మీదకి, స్టూలు వేసుకుని ఎక్కాలంటే సగంసార్లు బద్ధకం వేస్తాది, ఆ బద్ధకం మనకి మేలే కదా.

తినాలనే యావ వచ్చినప్పుడు దాంతో వాదించకండి, పదిహేను ఇరవై నిమిషాలు చోటు మారండి. నేనైతే హుక్కులు కుట్టుకుంటాను, రెండు చేతులూ సూదిలో ఉంటే పకోడీ పట్టుకోడం కుదరదు. రాత్రి తినగానే పళ్ళు తోమీసుకుంటాను, వంటింట్లో లైటు తీసీస్తాను. గిన్నెలు సర్దే పని మా ఆయనకి ఇచ్చీసాను, మొదట్లో సణిగాడు, ఇప్పుడు అలవాటైంది. (అత్తకి ఇంకా అలవాటవలేదు.) నిద్ర తక్కువైతే ఆకలి పుట్టించే హార్మోను పెరుగుతాది, పెళ్ళిళ్ళ సీజన్లో రాత్రి ఒంటిగంట దాకా కుట్టిన మర్నాడు నాకు మామూలు కంటే ఎక్కువ ఆకలి, ఇది కూడా పుస్తకంలోనే దొరికింది.

ఇప్పుడు అసలు విషయం. ఏడోసారి నేను నిలబడింది తక్కువ తినడం వల్ల కాదు, ఎక్కువ తినీసాక ఏం చెయ్యాలో నేర్చుకోడం వల్ల. నరసన్నపేటలో మా మేనకోడలి పెళ్ళికి వెళ్ళాను, అప్పటికి నాలుగు కిలోలు తగ్గాను, అక్కడ పనసపొట్టు కూర, పులిహోర, బూరెలు, రెండోసారి బూరెలు, ఇంటికొచ్చి మిషనెక్కితే కిలోన్నర ఎక్కువ. పోయింది, అంతా పోయింది అనుకుని నెలరోజులు ఇష్టమొచ్చినట్టు తిన్నాను, మూడు కిలోలు వచ్చీసాయి. తర్వాత కూర్చుని లెక్కేస్తే ఆ పెళ్ళిలో నేను మామూలు కంటే మహా అయితే 1,500 కేలరీలు ఎక్కువ తినుంటాను, అంటే కొవ్వు 200 గ్రాములు. మిగతాదంతా ఉప్పూ నీరూ కడుపులో ఉన్న తిండీ, మూడురోజుల్లో దానంతటదే పోయేది. నన్ను ముంచింది పెళ్ళి కాదు, పెళ్ళి తర్వాత నెల.

అప్పటినుంచి ఒకటే పద్ధతి: తినీసిన తర్వాతి పూట ఎప్పటిలాగే తినడం. మర్నాడు ఉపవాసం ఉండకూడదు, ఉంటే సాయంత్రానికి మళ్ళీ పాత కథే. ఎక్కువ నడిచి శిక్ష వేసుకోకూడదు. ఏమీ జరగనట్టు పొద్దున్న అంబలి, మధ్యాన్నం గిన్నెడన్నం. సంక్రాంతికి అరిసెలు తినండి, సుబ్బరంగా కూర్చుని తినండి, కనుమ మర్నాడు మాత్రం ఆ డబ్బా ఎవరికైనా పంచీండి. మిషను మీద తప్పు కుట్టు పడితే ఆ నాలుగంగుళాలే విప్పుతాం గానీ జాకెట్టంతా చింపీం కదా, నాకు ఇలా అనుకుంటే బుర్రకెక్కింది, మీ పనికి తగ్గట్టు మీరింకోటి అనుకోండి.

నడక గురించి ఎక్కువ చెప్పను. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తాది. నేనూ పక్కింటి వదినా పొద్దున్నే అరసవల్లి వైపు వెళ్ళి వస్తాం, ఊళ్ళోంచి రెండు కిలోమీటర్లుంటాది, ఆదివారం మాత్రం గుడికొచ్చే జనం ఎక్కువ, ఆ రోజు నాగావళి వంతెన వైపు. తోడు ఒక్కరుంటే చాలు, వీధందరికీ చెప్పకండి. మనసు బాలేని రోజు పది నిమిషాలైనా వెళ్ళి వచ్చీడం, అంతే, సున్నా మాత్రం చెయ్యను. కొత్త పని దానంతటది అలవాటవడానికి సగటున 66 రోజులు పట్టిందని లండన్లో యూనివర్సిటీ కాలేజీ వాళ్ళ పరిశోధనలో తేలింది, కానీ ఒకరికి 18 రోజులైతే ఇంకొకరికి 254 అట, కాబట్టి 21 రోజుల్లో మారిపోతారు అని ఎవరైనా చెప్తే నవ్వి ఊరుకోండి.

మన వైపు ఇంకో ఇబ్బంది ఉంది. నాలుగు కిలోలు తగ్గగానే "ఏటే తల్లీ ఇలా అయిపోనావు, సుగరొచ్చిందేటి" అని అడుగుతారు, ఆ మాటకి భయపడి మళ్ళీ తినీవాళ్ళని చూసాను. దానికి జవాబు ముందే తయారుగా పెట్టుకోండి. నేను "లేదు పిన్నీ, గుడ్డ కలిసొస్తాదని" అంటాను, నవ్వీసి వెళ్ళిపోతారు.

జాగ్రత్తలు కూడా వినండి. సుగరు మాత్రలో ఇన్సులినో వాడుతున్న వాళ్ళు తిండి తగ్గించే ముందు డాక్టరుని అడగాలి, డోసు అంతే ఉంచి తిండి తగ్గిస్తే సుగరు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మొత్తం ఉద్దానం వైపు వాళ్ళు ప్రోటీను పౌడర్లు జోలికెళ్ళే ముందు కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి, ఆ ప్రాంతంలో కిడ్నీ జబ్బు బయటికి తెలీకుండానే ఉంటాది, జబ్బున్న కిడ్నీకి ఎక్కువ ప్రోటీను భారం. తిండి తగ్గించినా బరువు పెరుగుతూ నీరసంగా ఉంటే థైరాయిడు చూపించుకోండి. ఇంకోటి, కడుపు నొప్పెట్టేదాకా ఎవరికీ కనపడకుండా తినీడం, ఆపలేకపోవడం, తర్వాత సిగ్గుతో ఏడుపు, ఇలా వారానికి ఒకసారైనా మూడు నెలలుగా జరుగుతుంటే అది తిండిపోతుతనం కాదు, వైద్యం ఉన్న జబ్బు. దానికి డైటింగ్ చేస్తే ఇంకా ఎక్కువౌతాది. మనసు బాధలకి గవర్నమెంటు పెట్టిన 14416 టెలిమానస్ నంబరుకి ఫోను చేస్తే డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

నా ఆది జాకెట్టుకి రెండో కుట్టు కిందటి నెలే మళ్ళీ వేసాను, మొదటిది ఇంకా వెయ్యలేదు. ఇప్పుడు పెళ్ళిళ్ళ సీజను, బల్ల మీద నలభై జాకెట్లున్నాయి, ఈ నెల తగ్గకపోయినా పెరక్కుండా ఉంటే చాలనుకుని పుస్తకంలో అలాగే రాసి పెట్టుకున్నాను.