తెప్పోత్సవం బాణసంచాకు ముందు: పడవల విషయంలో జాగ్రత్తలు

విజయవాడలో దసరా తెప్పోత్సవం రాత్రి బాణసంచా వెలిగించే ముందు ఇవి చూసుకోండి.

- షికారు పడవలు, చేపల పడవలు చీకటి పడకముందే ఒడ్డుకు చేరాలి. "ఒక్క రౌండే" అనేవాళ్లను అస్సలు వినొద్దు.

- వెలిగించే చోటి నుంచి హద్దు ఎంత దూరం? అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణ ప్రమాణాలు రాసే సంస్థ ఎన్ఎఫ్‌పీఏ లెక్కలో షెల్ (పైకెగిరి పేలే బాణసంచా గుండు) వ్యాసం అంగుళానికి 70 అడుగులు. అంటే 6 అంగుళాల షెల్‌కు 420 అడుగులు. గాలి వీచే వైపు ఇంకాస్త వదలండి, మండే ముక్కలు అటే రాలతాయి.

- హద్దు దగ్గర లైట్లున్న బోయాలు (నీళ్లమీద తేలే గుర్తులు) వేయండి. చీకట్లో తాడు కనబడదు.

- కట్టేసిన పడవల్లో డీజిల్ క్యాన్లు, ఎండిన వలలు ఉంచొద్దు.

- అసలు టెన్షన్ ఆఖర్లోనే. చివరి షెల్ పేలగానే తాళ్లు విప్పేయొద్దు. పేలనివి నీళ్లమీద తేలుతుండొచ్చు, చేత్తో తీయొద్దు. వెలిగించినవాళ్లు సరే అన్నాకే, ఒక్కో పడవా వదలండి.