మిడి భాగాన్ని కోసి లూపు చేసే ముందు జాగ్రత్తలు

హనుమకొండ, వరంగల్ వైపు బతుకమ్మ పాటలకు ట్రాకులు కట్టే మిత్రులు మిడి భాగాన్ని (ఏ స్వరం ఎప్పుడు, ఎంత గట్టిగా మోగాలో తెలిపే సంకేతాల ముక్కను) కోసి, లూపుగా, అంటే మళ్లీ మళ్లీ తిరిగేలా చేసే ముందు ఈ సంగతులు చూసుకోవాలి.

ముందుగా ప్రాజెక్టును కొత్త పేరుతో భద్రపరచి, అసలు ట్రాకుకు నకలు తీసి, దానిని మ్యూట్ చేసి పక్కన ఉంచండి.

పాట తిశ్ర గతిలో (మూడేసి దెబ్బల నడకలో) నడిచేదైతే టైమ్ సిగ్నేచర్‌ను (తాళం లెక్కను) 6/8కు మార్చి, టెంపోను (వేగాన్ని) పాడేవారి నడకకు సరిచేసిన తరువాతే కోత మొదలుపెట్టండి.

ఎక్కువ పొరపాట్లు లూపు అంచుల దగ్గరే జరుగుతాయి. మొదటి డప్పు దెబ్బ గ్రిడ్ గీతకన్నా (తెరపై తాళం లెక్కను చూపే నిలువు గీతకన్నా) వెంట్రుకవాసి ముందు పడి ఉంటే, గీత మీద కోయగానే ఆ నోటు బయటే మిగిలిపోయి, ప్రతి చుట్టూ తొలి దెబ్బ లేకుండానే మొదలవుతుంది. కనుక అంచును బాగా పెద్దది చేసి చూసి, ఆ ఒక్క నోటును గీత మీదికి జరపండి. స్వరాన్ని మోగుతూ ఉంచే సస్టెయిన్ పెడల్ సంకేతం మిడిలో కంట్రోలర్ 64 అనే నంబరు మీద వస్తుంది. పెడల్ వదిలినట్లు తెలిపే 0 విలువ కోతకు ఆవల ఉండిపోతే, స్వరాలు ఒకదానిపై ఒకటి పేరుకుని మోగుతూనే ఉంటాయి. స్వరాన్ని పైకీ కిందికీ వంచే పిచ్ బెండ్ కూడా చివరికి నడిమికి తిరిగి రావాలి.

క్వాంటైజ్‌ను (నోట్లను గ్రిడ్ గీతల మీదికి లాగే పనిని) నూరు శాతం వేయవద్దని నా గట్టి అభిప్రాయం. వాయించిన చేతి ఊపు అందులో చచ్చిపోతుంది. వెలాసిటీ (దెబ్బ బలం) 127 దాకా ఉండగా అన్ని దెబ్బలనూ 100 దగ్గరే నిలపడమూ అంతే.

కొన్ని సాఫ్ట్‌వేర్లలో లూపు నకళ్లు అసలుకు ముడిపడి ఉంటాయి కాబట్టి, ఒక చరణంలోనే మార్పు కావాలంటే ముందుగా ఆ నకలును విడదీయండి.