షికాగో బేర్స్ ఓటముల్లో లోపం ఎక్కడ? కోచ్, క్వార్టర్‌బ్యాక్, డ్రాఫ్ట్: సమస్య - పరిష్కారం

అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు షికాగో బేర్స్ ఓడిన ఆదివారం సాయంత్రం అభిమానులు మూడు వర్గాలుగా విడిపోతారు. కోచ్‌ను తొలగించాలని ఒకరు, బంతి విసిరి జట్టు దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్‌ను మార్చాలని మరొకరు, సీజన్ ఎలాగూ చేజారింది కాబట్టి ఏప్రిల్‌లో జరిగే డ్రాఫ్ట్ మీద దృష్టి పెట్టాలని ఇంకొకరు వాదిస్తారు. నేపర్‌విల్, అరోరా వంటి శివారు ఊళ్ళలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ, ముఖ్యంగా అక్కడే పుట్టి పెరిగిన పిల్లలున్న ఇళ్ళలో, ఈ జట్టును మనసారా తమదిగా భావించేవారు ఉన్నారు. ఈ వాదనలో తేలాల్సిన విషయాన్ని ఓటమి లక్షణం నుంచి కారణానికి, కారణం నుంచి పరిష్కారానికి వరుసగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. 2017 నుంచి 2024 వరకు బేర్స్‌ను పట్టిపీడించిన లోపం ఏ ఒక్క వ్యక్తిలోనో కాక, ఆటగాళ్ళను ఎంపిక చేసే జనరల్ మేనేజర్, కోచ్, క్వార్టర్‌బ్యాక్ అనే ముగ్గురి కాలవ్యవధులు ఒకదానితో ఒకటి కలవకపోవడంలో ఉందని నా నిశ్చితాభిప్రాయం.

అమెరికన్ ఫుట్‌బాల్‌తో పరిచయం లేనివారికి రెండు నియమాలు తెలిస్తే చాలు. మొదటిది, ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ఈ లీగ్‌లోని 32 జట్లలో ఎంత ఘోరంగా ఓడినా దిగువ శ్రేణికి పడిపోయే జట్టు ఉండదు. పైగా అందరికంటే ఎక్కువ ఓడిన జట్టుకే ఏడు రౌండ్ల డ్రాఫ్ట్‌లో కాలేజీ ఆటగాళ్ళను ఎంచుకునే మొదటి అవకాశం దక్కుతుంది. ఇలాంటి ఒక్కో అవకాశాన్ని పిక్ అంటారు, జట్లు వీటిని పరస్పరం మార్చుకోవచ్చు. రెండవది, జట్టు మొత్తం జీతాలకు పరిమితి ఉంటుంది. 2024లో అది 25 కోట్ల 54 లక్షల డాలర్లు. మొదటి రౌండ్‌లో ఎంపికైన కొత్త ఆటగాడి జీతం మాత్రం నాలుగేళ్ళపాటు ముందే నిర్ణయమైన తక్కువ స్థాయిలో ఉంటుంది, అయిదో ఏడు కొనసాగించాలా వద్దా అన్నది జట్టు ఇష్టం. కాబట్టి ప్రతిభ గల కొత్త క్వార్టర్‌బ్యాక్ దొరికితే ఆ నాలుగైదేళ్ళలో మిగిలే డబ్బుతో చుట్టూ బలమైన జట్టును కట్టుకోవచ్చు. ఆ ఏళ్ళను వృథా చేసుకోవడమే అన్నిటికన్నా పెద్ద నష్టం.

లక్షణం: ఎంతో ఆశతో ఎంచుకున్న క్వార్టర్‌బ్యాక్ రెండు మూడేళ్ళలోనే వెనకబడిపోతాడు

ఈ లక్షణం కనిపించగానే అభిమానులు ఆ యువకుడి చేతి బలాన్నో, తెలివినో, మనోధైర్యాన్నో తప్పుబడతారు. అలా తీర్పు చెప్పడానికి ముందు అతన్ని ఎంచుకున్న రోజున కోచ్ పదవి ఎంత భద్రంగా ఉందో చూడాలి.

2017 డ్రాఫ్ట్‌లో జనరల్ మేనేజర్ ర్యాన్ పేస్ మూడో స్థానం నుంచి రెండో స్థానానికి ఎగబాకడానికి అదనపు పిక్‌లు చెల్లించి మిచెల్ ట్రుబిస్కీని తీసుకున్నారు. నార్త్ కరొలైనా యూనివర్సిటీలో ట్రుబిస్కీ ఆరంభ క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే మ్యాచ్ మొదలు నుంచి, ఆడింది 13 మ్యాచ్‌లే. అంటే అతనికి ఓపికగా నేర్పే గురువు అవసరం అందరికంటే ఎక్కువ. అప్పటికి కోచ్ జాన్ ఫాక్స్ రెండు సీజన్లలో 6-10, 3-13 (గెలుపులు-ఓటములు) ఫలితాలతో పదవిని నిలబెట్టుకునే స్థితిలో లేరు, ఆ సీజన్ ముగియగానే ఆయన్ని తొలగించారు. అదే డ్రాఫ్ట్‌లో పదో స్థానంలో కాన్సస్ సిటీ చీఫ్స్ ఎంచుకున్న పాట్రిక్ మహోమ్స్‌కు 2013 నుంచీ అక్కడ పాతుకుపోయిన ఆండీ రీడ్ లభించారు. అనుభవజ్ఞుడైన అలెక్స్ స్మిత్ వెనక మొదటి ఏడాదంతా నేర్చుకుంటూ మహోమ్స్ ఒక్క మ్యాచ్‌నే ఆరంభించాడు. బేర్స్ మహోమ్స్‌ను వదిలేసిందన్న బాధ ఈనాటికీ అభిమానుల్లో తగ్గలేదు, అది సహజమే. కానీ 2017 నాటి బేర్స్‌లోకి మహోమ్స్ వచ్చి ఉంటే ఏమయ్యేవాడన్న ప్రశ్నకు అంత సులువైన సమాధానం లేదు.

2021లో అదే తప్పు మళ్ళీ జరిగింది. జస్టిన్ ఫీల్డ్స్ కోసం బేర్స్ 20వ స్థానం నుంచి 11వ స్థానానికి వెళ్ళి, 2022 మొదటి రౌండ్ పిక్‌ను సైతం న్యూయార్క్ జెయింట్స్‌కు ఇచ్చింది. 2018లో 12-4తో మెరిసిన కోచ్ మ్యాట్ నాగీ అప్పటికే విమర్శల మధ్య పని చేస్తున్నారు. 2022 జనవరిలో నాగీతో పాటు పేస్‌నూ తొలగించారు. అంటే ఫీల్డ్స్‌ను కోరి తెచ్చుకున్న ఇద్దరూ అతని మొదటి సీజన్ ముగిసే సరికే లేరు. తర్వాత వచ్చిన జనరల్ మేనేజర్ ర్యాన్ పోల్స్, కోచ్ మ్యాట్ ఎబర్‌ఫ్లస్ తాము ఎంచుకోని క్వార్టర్‌బ్యాక్‌ను రెండేళ్ళు ఆడించి, 2024 మార్చిలో ఆరో రౌండ్ పిక్‌కు పిట్స్‌బర్గ్‌కు పంపేశారు.

మూడోసారి 2024లో కేలెబ్ విలియమ్స్ వంతు వచ్చింది. డ్రాఫ్ట్‌లో మొదటి స్థానంలో ఎంపికైన అతన్ని రెండేళ్ళలో 10 విజయాలు, 24 ఓటములు మూటగట్టుకున్న ఎబర్‌ఫ్లస్ చేతికి అప్పగించారు. నవంబర్ నడిమికి దాడి వ్యూహాలు చూసే అఫెన్స్ కోఆర్డినేటర్ షేన్ వాల్డ్రన్‌ను, నెలాఖరుకు ఎబర్‌ఫ్లస్‌ను తొలగించారు. సీజన్ మధ్యలో ప్రధాన కోచ్‌ను తొలగించడం ఈ జట్టు చరిత్రలో అదే మొదటిసారి. ఒకే సీజన్‌లో ఒక కొత్త ఆటగాడు ముగ్గురు కోఆర్డినేటర్ల కింద, ఇద్దరు ప్రధాన కోచ్‌ల కింద ఆడాల్సి వచ్చింది.

పరిష్కారం: కోచ్‌ను మార్చాలన్న నిర్ణయం డ్రాఫ్ట్ తర్వాత కాక ముందు జరగాలి. క్వార్టర్‌బ్యాక్‌ను ఎంచుకోబోయే ఏడాది జనవరిలోనే యాజమాన్యం తనను తాను అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ సీజన్ ఘోరంగా పోయినా ఈ కోచ్‌ను వచ్చే ఏడాది ఉంచుకుంటామా? సమాధానంలో ఏ మాత్రం తటపటాయింపు ఉన్నా అప్పుడే మార్చాలి. 2023లో హ్యూస్టన్ టెక్సన్స్ కొత్త కోచ్ డిమెకో ర్యాన్స్‌నూ, కొత్త క్వార్టర్‌బ్యాక్ సి.జె. స్ట్రౌడ్‌నూ కలిపి మొదలుపెట్టి, అంతకుముందు 3-13-1తో (చివరి అంకె సమమైన మ్యాచ్) ముగించిన జట్టును 10-7కు చేర్చింది. 2024లో వాషింగ్టన్ కొత్త జనరల్ మేనేజర్ ఆడమ్ పీటర్స్, కొత్త కోచ్ డాన్ క్విన్, కొత్త క్వార్టర్‌బ్యాక్ జేడెన్ డేనియల్స్‌తో 12-5 సాధించింది.

ఇది అచ్చుగుద్దినట్టు ప్రతిచోటా పనిచేస్తుందని చెప్పడం నిజాయితీ కాదు. 2023లో కరొలైనా పాంథర్స్ కూడా కోచ్ ఫ్రాంక్ రైక్‌ను, క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ యంగ్‌ను ఒకే ఏడాది తెచ్చుకుంది. 11 మ్యాచ్‌లలో పది ఓడగానే రైక్‌ను తొలగించింది. ఇద్దరినీ కలిపి మొదలుపెట్టడంతో పని పూర్తి కాదు, కలిపి నిలబెట్టే ఓర్పు యాజమాన్యానికి ఉండాలి.

లక్షణం: క్వార్టర్‌బ్యాక్ పదేపదే సాక్ అవుతున్నాడు

బంతి విసిరేలోపే ప్రత్యర్థులు క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడాన్ని సాక్ అంటారు. ఫీల్డ్స్ తొలిసారి ఆరంభించిన మ్యాచ్‌లో, 2021 సెప్టెంబర్‌లో క్లీవ్‌లాండ్‌లో, తొమ్మిదిసార్లు సాక్ అయ్యాడు. సాక్‌లలో పోయిన గజాలు తీసేస్తే ఆ మ్యాచ్ మొత్తంలో బేర్స్ పాస్‌ల ద్వారా సంపాదించింది ఒక్క గజం. 2022లో అతను 55 సార్లు, 2024లో విలియమ్స్ 68 సార్లు సాక్ అయ్యారు. ఇద్దరు వేర్వేరు క్వార్టర్‌బ్యాక్‌లకు ఒకే కష్టం వచ్చినప్పుడు జట్టు నిర్మాణాన్ని అనుమానించడం న్యాయం. అయినా ప్రతి సాక్‌నూ అతన్ని కాపాడే ముందువరుసలోని అయిదుగురి ఖాతాలో వేయకూడదు.

కారణం తెలుసుకోవాలంటే స్నాప్ (బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడం) నుంచి సాక్ వరకు సెకన్లు లెక్కపెట్టండి. రెండున్నర సెకన్లలోపే పడిపోతే తప్పు ముందువరుసది, లేదా అడ్డుకునే పని ఎవరికీ అప్పగించకుండా ఒక ప్రత్యర్థిని వదిలేసిన వ్యూహానిది. మూడు సెకన్లు దాటినా బంతి చేతిలోనే ఉంటే, దగ్గరలో ఖాళీగా ఉన్న రిసీవర్ (పాస్ అందుకునే ఆటగాడు) ఎవరైనా ఉన్నారేమో చూడాలి. ఉండీ విసరకపోతే లోపం క్వార్టర్‌బ్యాక్‌ది. ఎవరూ లేకపోతే ఆ ఆటను గీసిన కోచ్‌ది. టీవీ కెమెరా బంతినే వెంటాడుతుంది కాబట్టి మైదానంలోని 22 మందీ కనిపించే వీడియో చూడకుండా ఈ తేడా చెప్పలేము. ఫీల్డ్స్, విలియమ్స్ ఇద్దరూ బంతిని ఎక్కువసేపు పట్టుకునే అలవాటు గలవారే. ముందువరుస బలహీనంగా ఉన్నప్పుడు ఆ అలవాటు ఎంత నష్టం చేస్తుందో ఆ సీజన్లు చూపించాయి.

పరిష్కారం: ముందువరుసను క్వార్టర్‌బ్యాక్ కంటే ముందు, కనీసం అతనితో పాటే బాగు చేయాలి. బేర్స్ ఈ పనిని విలియమ్స్ 68 సార్లు పడ్డాక, 2025 వసంతంలో చేసింది: ముందువరుస ఆటగాళ్ళయిన కాన్సస్ సిటీ నుంచి జో థూనీని, లాస్ ఏంజెలెస్ ర్యామ్స్ నుంచి జోనా జాక్సన్‌ను ట్రేడ్‌లో తెచ్చుకుని, అట్లాంటాలో ఆడిన సెంటర్ (ముందువరుస మధ్యలో ఆడేవాడు) డ్రూ డాల్మన్‌తో ఒప్పందం చేసుకుంది. చేతులు కాలాక పట్టుకున్న ఆకులే అయినా అవి పనికొచ్చాయి. డెట్రాయిట్ లయన్స్ అఫెన్స్‌ను నడిపిన బెన్ జాన్సన్ అదే ఏడాది ప్రధాన కోచ్‌గా వచ్చి, బంతి త్వరగా చేయి దాటే ఆటలను ప్రవేశపెట్టారు. 2024లో 5-12తో ముగిసిన జట్టు 2025లో 11-6తో డివిజన్ విజేతగా నిలిచింది. క్వార్టర్‌బ్యాక్ మాత్రం మారలేదు. అతన్ని మార్చాలని 2024 డిసెంబర్‌లో వాదించినవారు ఈ ఒక్క విషయాన్ని గమనించాలని కోరుతున్నాను.

లక్షణం: గెలవాల్సిన మ్యాచ్‌లు ఆఖరి నిమిషంలో చేజారుతున్నాయి

2024లో వాషింగ్టన్ చేతిలో 18-15, గ్రీన్ బే చేతిలో 20-19, మిన్నెసోటా చేతిలో 30-27, డెట్రాయిట్ చేతిలో 23-20 స్కోర్లతో బేర్స్ ఓడింది. దగ్గరి మ్యాచ్‌లలో అదృష్టం పాత్ర పెద్దదే. వాషింగ్టన్ గెలిచింది సమయం అయిపోయాక గాలిలోకి విసిరిన బంతితో, గ్రీన్ బే గెలిచింది ఆఖరి కిక్‌ను అడ్డుకుని. అందువల్ల ఈ లక్షణం ఒక్కదానితోనే కోచ్‌ను తప్పుబట్టడం సరికాదు. అయితే నవంబర్ 28న డెట్రాయిట్‌లో జరిగిన దానికి అదృష్టంతో సంబంధం లేదు. మూడు పాయింట్ల వెనుకంజలో, సుమారు అర నిమిషం మిగిలి ఉండగా విలియమ్స్ సాక్ అయ్యాడు. చేతిలో గడియారాన్ని ఆపగల ఒక టైమౌట్ ఉన్నా ఎబర్‌ఫ్లస్ వాడలేదు; ఆటగాళ్ళు తడబడుతూ కుదురుకునే సరికి గడియారం దాదాపు అయిపోయింది, ఆఖరి పాస్ విఫలమైంది, టైమౌట్ అలాగే మిగిలిపోయింది. మర్నాడే ఆయన ఉద్యోగం పోయింది.

పరిష్కారం: ఓటమి తేడాను కాక, ఆఖరి రెండు నిమిషాల్లో బెంచ్ నుంచి వచ్చిన నిర్ణయాలను విడిగా రాసిపెట్టుకుని చూడాలి. ఒకే రకం తప్పు మళ్ళీ మళ్ళీ కనిపిస్తే కోచ్‌ను మార్చాలన్న వాదన బలమైనది. తప్పులు ఒక్కోసారి ఒక్కో రకంగా ఉంటే, అది ఆటలో సహజంగా ఉండే ఒడిదుడుకు కావచ్చు. జట్టు వైపు నుంచి చూస్తే, గడియారాన్ని, టైమౌట్లను గమనించే బాధ్యతను తర్వాత ఏ ఆట ఆడాలో చెప్పే వ్యక్తి నుంచి వేరుచేసి ఒక సహాయకుడికి అప్పగించడం చవకైన మందు.

లక్షణం: "ఓడితే మంచిదే, మొదటి పిక్ వస్తుంది" అన్న మాట అభిమానుల్లో వినిపిస్తోంది

ఆటగాళ్ళు, కోచ్‌లు కావాలని ఓడరు. వారి ఉద్యోగాలు గెలుపు మీద ఆధారపడి ఉంటాయి. అభిమానులు ఇలా మాట్లాడుతున్నారంటే జట్టు పిక్‌ల నిల్వ అడుగంటిందని అర్థం. 2018లో డిఫెన్స్ ఆటగాడు ఖలీల్ మాక్ కోసం బేర్స్ 2019, 2020 మొదటి రౌండ్ పిక్‌లను ఇచ్చేసింది. ఫీల్డ్స్ కోసం 2022 పిక్ పోయింది. ఆ నాలుగేళ్ళలో మొదటి రౌండ్‌లో వచ్చినవాడు ఫీల్డ్స్ ఒక్కడే, అతని ముందు నిలబడాల్సినవారు రాలేదు. 2022 నవంబర్‌లో రిసీవర్ చేజ్ క్లేపూల్ కోసం రెండో రౌండ్ పిక్‌ను ఇవ్వడం ఇంకా పెద్ద పొరపాటు. ఓడుతున్న జట్టు పిక్ కాబట్టి అది చివరికి మొత్తం మీద 32వ పిక్ అయింది. క్లేపూల్ మరుసటి అక్టోబర్‌కే జట్టులో లేడు.

పరిష్కారం: ఓడుతున్న జట్టు తన భవిష్యత్తు పిక్‌లను అమ్మకూడదు, వీలైతే ఇతరులవి కొనాలి. 2023లో పోల్స్ చేసింది ఇదే. 3-14తో వచ్చిన మొదటి పిక్‌ను కరొలైనాకు ఇచ్చి, 9వ పిక్, 61వ పిక్, 2024 మొదటి రౌండ్ పిక్, 2025 రెండో రౌండ్ పిక్, రిసీవర్ డి.జె. మూర్‌లను తీసుకున్నారు. తొమ్మిదో పిక్ నుంచి ఒక మెట్టు దిగి పదో స్థానంలో ముందువరుసలో కుడివైపు చివర ఆడే టాకిల్ డార్నెల్ రైట్‌ను తెచ్చారు. 2023లో కరొలైనా 2-15తో ముగియడంతో 2024 పిక్ కాస్తా మళ్ళీ మొదటి పిక్ అయింది, అదే విలియమ్స్. కరొలైనా అంత ఘోరంగా ఓడుతుందని ఎవరూ ముందుగా చెప్పలేరు గనుక ఆ భాగాన్ని అదృష్టమనే అనాలి. కానీ ఆ అదృష్టం తలుపు తట్టేలా పిక్‌లను కూడబెట్టడం మాత్రం నిర్ణయమే.

కొత్త ఆటగాళ్ళ గురించి వాదించేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త అవసరం. ఎత్తు, చేతి బలం, ముఖ్యాంశాల వీడియోలు చూసి తేల్చేయకుండా, కాలేజీలో ఎన్ని మ్యాచ్‌లు ఆరంభించాడో, ప్రత్యర్థులు మీదికి వచ్చినప్పుడు బంతిని వదిలేస్తాడా, పట్టుకుని పడిపోతాడా అన్నది చూడాలి. ఆ తర్వాత అతన్ని తీసుకోబోయే జట్టులో ముందువరుస ఎలా ఉందో, కోచ్ ఒప్పందం ఇంకా ఎన్నేళ్ళు ఉందో కనుక్కోవాలి. ఆ చివరి రెండు వివరాలకు సరైన సమాధానాలు లేని జట్టుకు డ్రాఫ్ట్ రోజున ఏ క్వార్టర్‌బ్యాక్ దొరికినా, ముందు పిక్‌ను అమ్మి ముందువరుసను కట్టుకోమని సలహా ఇస్తాను.