పాలపా దంచడం ఎలా: లానావో సరస్సు ఒడ్డు వంట, మన రోట్లో

పాలపాను పచ్చడి అనుకుని మొదలుపెట్టకండి. అలా అనుకున్న తెలుగువారి చేయి తనంతట తానే చింతపండు డబ్బా వైపు వెళుతుంది. ఆ వెంటనే జీలకర్ర, ఇంగువ, పోపు వచ్చి చేరతాయి. అప్పుడు తయారయ్యేది రుచిగానే ఉండవచ్చు, కానీ అది పాలపా కాదు. ఫిలిప్పీన్స్ దక్షిణాన మిండనావ్ దీవిలో, లానావో సరస్సు చుట్టూ నివసించే మరనావ్ ప్రజల వంటకు ఇది పునాది. దీన్ని అన్నంలో నంజుకుంటారు, కూరలో వేస్తారు, చేపకు పట్టిస్తారు. మూడు ఘాటు దినుసులు, ఉప్పు, కొబ్బరి, నూనె తప్ప ఇందులో ఏమీ ఉండదు. ఉండకూడదు.

నేను అదే మిండనావ్ దీవిలోని దావావో నగరంలో వైద్యం చదువుకున్నాను. మన జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు అక్కడ చాలామంది ఉంటారు. ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ అయిపోగానే కారం కోసం అల్లాడిపోతారు. నాతో చదువుకున్న ఒక మరనావ్ అమ్మాయిది తుగాయా అనే ఊరు. ఆమె తల్లి దగ్గర నేర్చుకున్న పద్ధతి ఇది. ఒక్కో ఇంట్లో పాళ్ళు ఒక్కోలా ఉంటాయి. ఇవి ఆ ఇంటి పాళ్ళు.

తుగాయా లానావో దెల్ సూర్ ప్రావిన్సులో, సరస్సుకు పడమటి ఒడ్డున ఉంది. సరస్సే సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి గాలి చల్లగా ఉంటుంది. సముద్రం ఒడ్డున ఉన్న ఇలిగాన్ నుంచి రోడ్డు పైకెక్కి మరావీ చేరుతుంది. అక్కడి నుంచి మరంతావ్, బాలిందొంగ్ దాటితే తుగాయా. మీరు వెళ్ళదలచుకుంటే ఆ ప్రాంతపు కుటుంబంతో ముందుగా మాట్లాడుకుని, వారి వెంటే వెళ్ళండి. భుజాలు, మోకాళ్ళు కప్పే దుస్తులు వేసుకోండి. మరనావ్ ప్రజలు ముస్లింలు కాబట్టి రంజాన్ నెలలో పగటిపూట వారి ముందు ఏమీ తినకండి. పళ్ళెంలో కుడిచేయి పెట్టడం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు.

ఊరు చిన్నదే కానీ మరనావ్ హస్తకళలకు అది పెట్టింది పేరు. మైనంతో నమూనా చేసి, మట్టి పూసి, మైనం కరిగించి, ఆ ఖాళీలో ఇత్తడి పోసే పని అక్కడ ఇళ్ళలోనే సాగుతుంది. మన ఆదిలాబాద్ ఓజాలు డోక్రా బొమ్మలు చేసేదీ ఈ పద్ధతిలోనే. ఆల్చిప్ప ముక్కలు పొదిగిన చెక్కపెట్టెలు, మలోంగ్ అనే గొట్టంలాంటి పొడవాటి వస్త్రం నేత కూడా అక్కడివే. తుగాయాను 2006లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేర్చింది. వంటల వ్యాసంలో ఇత్తడి గొడవ ఎందుకంటే, అతిథులకు పెట్టే పెద్ద విందులో అన్నం, కూరలు, పాలపా అన్నీ తబక్ అనే కాళ్ళున్న ఇత్తడి పళ్ళెంలో వస్తాయి. చుట్టూ నేల మీద కూర్చుని తింటారు. తబక్ మీద పాలపా లేకపోతే ఆ విందు లెక్కలోకే రాదని ఆ తల్లి అనేది.

ఇక దినుసులు. మొదటిది సకురాబ్. ఇది ఉల్లి జాతి మొక్క, శాస్త్రనామం అల్లియం చైనెన్స్. గడ్డ తెల్లగా, కోలగా, చిటికెనవేలంత మందంగా ఉంటుంది. ఆకులు సన్నగా ఉంటాయి. వాసన ఉల్లికీ వెల్లుల్లికీ నడుమ ఎక్కడో ఉంటుంది, కానీ వెల్లుల్లి చేదు రాదు. సరస్సు చుట్టుపక్కల చల్లని నేలల్లో బాగా పండుతుంది. సంతలో కట్టలుగా కట్టి అమ్ముతారు. జపాన్‌లో దీన్నే రక్యో అంటారు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న తెలుగువారికి ఆసియా దుకాణాల్లో పచ్చి గడ్డలు దొరికే అవకాశం ఉంది. వియత్నాం వారి కొత్త సంవత్సరానికి ముందు గట్టిగా వెతకండి, వాళ్ళు ఊరగాయ పెట్టుకునేది వీటినే. సీసాలో వినెగర్‌లో ఊరినవి మాత్రం కొనకండి. ఆ పులుపు ఎంత కడిగినా పోదు.

మన ఊళ్ళో సకురాబ్ దొరకదు. దానికి దగ్గరగా రావాలంటే 150 గ్రాముల సాంబారు ఉల్లిపాయలు, 100 గ్రాముల ఉల్లికాడల తెల్ల భాగం, నాలుగు వెల్లుల్లి రెబ్బలు కలపండి. పెద్ద ఎర్ర ఉల్లిపాయ వద్దు. దానిలో నీరు ఎక్కువ, తీపి ఎక్కువ. రెండింటివల్లా పాలపా పాడవుతుంది.

రెండోది అల్లం, 100 గ్రాములు. ముదురు అల్లమే కావాలి. లేత అల్లంలో నీరే తప్ప ఘాటు ఉండదు. మూడోది మిరప. అక్కడ సిలింగ్ లబుయో అనే చిన్న, నిటారుగా కాసే మిరపకాయలు వాడతారు. మనం సన్నని గుంటూరు పచ్చిమిరపకాయలు పదిహేను, పండుమిరపకాయలు పది తీసుకోవచ్చు. పండుమిరప రంగునిస్తుంది, పచ్చిమిరప పచ్చి ఘాటునిస్తుంది. రెండూ ఉండాలి. వీటితోపాటు అర చిప్ప కొబ్బరి, అర కప్పు కొబ్బరినూనె, రాళ్ళ ఉప్పు సిద్ధం చేసుకోండి. కొబ్బరినూనె వాసన పడదనేవారు ఈ ఒక్కసారికి పడనివ్వండి. వేరుశనగ నూనెతో చేస్తే రుచి దారి మళ్ళిపోతుంది.

ఉల్లిగడ్డల వేళ్ళు కోసి, పై పొర తీసి, రెండు మూడు నీళ్ళలో కడగండి. ఆ తర్వాత బట్ట మీద పరచి పూర్తిగా ఆరనివ్వండి. ఇక్కడ తొందరపడితే తర్వాత నూనెలో పావుగంట ఎక్కువ నిలబడాలి.

దంచే వరుసే ఈ వంటకు ప్రాణం. ముందుగా అల్లం సన్నగా తరిగి, ఉప్పుతో రోట్లో వేసి దంచండి. రాళ్ళ ఉప్పు అల్లం పీచును తెంపుతుంది. పీచు చేతికి తగలనంత వరకు దంచాలి. తర్వాత మిరపకాయలు వేసి, గింజలు చిట్లి రంగు దిగేదాకా దంచండి. ఉల్లిని చిట్టచివర వేయండి. దాన్ని మెత్తగా నూరకూడదు, రోకలితో నలగ్గొట్టాలి అంతే. పొరలు చితికి రసం వదలాలి, అయినా ముక్క ముక్కగా కనిపించాలి. నోట్లో పడినప్పుడు అల్లం, మిరప ఒకటిగా, ఉల్లి వేరుగా తెలియాలి. మిక్సీలో వేస్తే మూడూ కలిసి నీరుకారిన ముద్ద అవుతుంది. రోలు లేకపోతే అల్లం, మిరప మాత్రమే మిక్సీలో తిప్పి, ఉల్లిని పీట మీద చపాతీ కర్రతో చితకండి.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నది పచ్చి పాలపా. వేడి అన్నంలో, కాల్చిన చేప పక్కన ఇలాగే తింటారు. నాకు ఇదే ఎక్కువ ఇష్టం. ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో తినేయాలి.

ఎక్కువ రోజులు ఉంచాలంటే వేయించాలి. కొబ్బరి తురుమును ఖాళీ మూకుడులో చిన్న మంట మీద ముదురు గోధుమ రంగు వచ్చేదాకా వేయించి పక్కన పెట్టుకోండి. ఆ మూకుడులోనే కొబ్బరినూనె పోసి, గోరువెచ్చగా ఉండగానే దంచిన ముద్ద వేయండి. మంట పెంచితే వెల్లుల్లి మాడి చేదెక్కుతుంది. అడుగు నుంచి కలుపుతూ ఇరవై నిమిషాలు ఉంచండి. మొదట చిటపటలాడుతుంది. నీరు ఇగిరిపోయాక ఆ చప్పుడు తగ్గి, నూనె అంచుల్లో తేరుతుంది. అప్పుడు కొబ్బరి కలిపి, ఉప్పు చూసి, రెండు నిమిషాల్లో దించండి.

దీనితో చేసే కూరల్లో పియాపరన్ ముందు నేర్చుకోండి. అర కిలో కోడిమాంసానికి ఒక చెంచా పసుపు, మూడు పెద్ద చెంచాల పాలపా పట్టించి, కొద్దిగా కొబ్బరినూనెలో వేయించండి. పల్చటి కొబ్బరిపాలు పోసి ముక్క ఉడికించండి. ఆపైన ఒక కప్పు పచ్చి కొబ్బరి తురుము, చిక్కటి పాలు వేసి, పులుసు దగ్గరపడేదాకా ఉంచండి. ధనియాల పొడి, గరం మసాలా జోలికి పోవద్దు. మరనావ్ మిత్రులను భోజనానికి పిలిస్తే మాంసం హలాల్ దుకాణంలోనే తీసుకోండి. పసుపు వేసి వండిన అన్నం కూడా పెడితే వారి ముఖాలు విప్పారతాయి.

చేపతోనూ ఇది చేస్తారు. అక్కడి ముసలివాళ్ళు సరస్సులోని పాత చేపల రుచి గురించి చెబుతుంటే వినడం కష్టంగా ఉంటుంది. ప్రపంచంలో మరెక్కడా లేని పరక జాతులు ఆ సరస్సులో ఉండేవి. వాటిలో 15 జాతులు అంతరించిపోయాయని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం 2020లో ప్రకటించింది. బయటి నుంచి వచ్చిన చేపలు, మితిమీరిన వేట వాటిని తుడిచిపెట్టాయి. ఇప్పుడు తిలాపియాతో వండుకుంటున్నారు. మనకూ తిలాపియా దొరుకుతుంది. ముక్కలు మందంగా కోయించుకుని, పాలపా పట్టించి పావుగంట ఉంచి కాల్చండి.

దంచే ఓపిక లేనివారు కొనుక్కోవచ్చు. 2017 మే నుంచి అక్టోబరు దాకా మరావీలో సాగిన యుద్ధం లక్షలమందిని ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టింది. ఆ తర్వాత నిర్వాసిత కుటుంబాల ఆడవాళ్ళు పాలపాను సీసాల్లో నింపి అమ్మి బతుకు నిలబెట్టుకున్నారు. ఫిలిప్పీన్స్‌లో చదువుతున్న పిల్లలు సెలవులకు వచ్చేటప్పుడు అలాంటి సీసా ఒకటి తెమ్మనండి. చీటీ మీద సకురాబ్ పేరు ముందుందో లేదో చూడమనండి. వినెగర్ ఉంటే వద్దనండి.

వైద్యురాలిగా ఒక మాట గట్టిగా చెప్పాలి. ఉల్లి, వెల్లుల్లి, అల్లం నూనెలో మునిగి గాలి తగలకుండా బయట ఉంటే, బొట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే విషం తయారయ్యే ప్రమాదం ఉంది. ఆవకాయను పులుపూ ఉప్పూ కాపాడతాయి. పాలపాలో పులుపు లేదు కాబట్టి ఆవకాయ జాడీలా అలమరలో పెట్టకండి. చల్లారగానే చిన్న సీసాల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టి, నాలుగు రోజుల్లోగా వాడేయండి. ఎక్కువ చేసుకుంటే మిగతాది ఫ్రీజర్‌లో పెట్టుకోండి. ఒక రాత్రి మరిచిపోయి బయట ఉంచేస్తే, వాసన బాగానే ఉన్నా పారేయండి. ఆ విషానికి వాసన ఉండకపోవచ్చు.