తోడేలు దొరికింది, ఫొటో ఎందుకు పండలేదు?

తోడేలు, నక్క, గుంటనక్క, రేసుకుక్క నాలుగూ మన దక్షిణ తెలంగాణలో ఉన్నాయి. మొదటి మూడూ పాలమూరు, నల్లగొండ చెలకల్లో, గుట్టల్లో తిరుగుతాయి. రేసుకుక్కల కోసం మాత్రం నల్లమలకు, అంటే అమ్రాబాద్ పులుల అభయారణ్యం వైపు పోవాలి. కనపడడమే అరుదైన జంతువు కనపడ్డాక ఫొటో చెడితే ప్రాణం ఉసూరుమంటుంది. ఎడిటింగ్‌లో సరిచేద్దామని మనం తంటాలు పడే తప్పుల్లో చాలావరకు నిలబడ్డ చోటు వల్ల, బటన్ నొక్కిన సమయం వల్ల వచ్చినవే.

ఫోకస్ కంటి మీదే ఉంది, అయినా ఫొటో మెత్తగా వచ్చింది

లెన్స్‌ను అనుమానించే ముందు ఫొటో తీసిన టైమ్ చూడండి. ఎండలు ముదిరాక ఎర్రచెలకలు పొద్దున్నే వేడెక్కుతాయి. నేల మీంచి లేచే వేడిగాలి వల్ల వంద మీటర్ల అవతలున్న తోడేలు వెంట్రుకలు అలలు అలలుగా కదులుతాయి. షటర్ స్పీడ్ సెకనులో 1/4000 వంతు పెట్టినా లాభం లేదు, ఊగేది మధ్యలో ఉన్న గాలే కాబట్టి. ఏసీ వేసిన కారులో అద్దం దించి వెంటనే తీసినా ఇదే గతి. లోపలి చల్లగాలి, బయటి వేడిగాలి లెన్స్ ముందే కలుస్తాయి.

కారణం తేల్చుకోవడానికి వరసగా తీసిన పది ఫొటోలను వంద శాతం పెద్దవి చేసి చూడండి. ఒక్కో ఫొటోలో ముఖం అంచు ఒక్కో రకంగా వంకరపోతే అది వేడిగాలి. అన్నీ ఒకేలా మెత్తగా ఉండి, ముందున్న గడ్డిపోచ మాత్రం స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పింది. గీతలన్నీ ఒకే దిక్కుకు సాగితే చెయ్యి కదిలింది. వేడిగాలికి మందు ఒకటే: పొద్దు పొడిచిన మొదటి గంటలో తీయడం, లేదా మబ్బు పట్టిన రోజు చూసుకోవడం. ఏసీని ముందే ఆపి, అద్దాలు దించి కాసేపు ఆగండి.

జంతువు నేలకు అతుక్కుపోయినట్టుంది

జీపు మీద నిలబడి దగ్గరలో ఉన్నదాన్ని తీస్తే ఇలాగే వస్తుంది. కెమెరా రెండు మీటర్ల ఎత్తులో ఉంటే, పది మీటర్ల దూరంలోని తోడేలు కంటిని ఎనిమిది డిగ్రీల వాలుతో కిందికి చూస్తున్నట్టు లెక్క. అదే నలభై మీటర్ల దూరంలో ఉంటే ఆ వాలు రెండు డిగ్రీలే. సఫారీలో దిగే వీలుండదు కాబట్టి సీట్లో కూర్చోండి, కిటికీ అంచున కెమెరా ఆనించడానికి బీన్ బ్యాగ్ (గింజలు నింపిన చిన్న సంచి) పెట్టండి. కాస్త దూరంగా ఉన్నప్పుడే తీయడం మొదలుపెట్టండి. దగ్గరికి వస్తేనే మంచి ఫొటో అనే అలవాటు ఇక్కడ చెడగొడుతుంది.

ఎండుగడ్డిలో కలిసిపోయింది, లేదా మెడలోంచి తాటిచెట్టు మొలిచింది

తోడేలు రంగు, ఎండుగడ్డి రంగు దాదాపు ఒకటే. కాంట్రాస్ట్ పెంచితే గడ్డి కూడా గరుకవుతుంది తప్ప జంతువు విడిపడదు. పక్కనుంచో వెనకనుంచో వాలుపొద్దు తగిలే చోటు చూసుకుంటే చెవుల అంచున, వీపు మీద వెలుగు గీత పడి ఒళ్లంతా విడిగా తెలుస్తుంది. తాటిచెట్టుదీ అదే సంగతి. తోడేలు యాభై మీటర్లలో, చెట్టు నూట యాభై మీటర్లలో ఉంటే మనం ఒక్క మీటరు జరిగినా చెట్టు దాని మెడ నుంచి రెండడుగులకు పైగా తప్పుకుంటుంది. బండిని అంతమాత్రం కదిలిస్తే చాలు.

రేసుకుక్కల గుంపు ఒకే ముద్దలా వచ్చింది

ఎర్రటి ఒళ్లు, నల్లటి తోకలు ఒకదానిమీద ఒకటి పడితే ఏ కాలు ఎవరిదో తెలియదు. గుంపు మొత్తం పట్టాలనే ఆశ వదిలి, రెండు తలల మధ్య ఖాళీ కనపడేదాకా ఆగండి. వెలుతురు ఉంటే లెన్స్ రంధ్రాన్ని (అపెర్చర్) ఎఫ్8కు తగ్గించండి, ముందువీ వెనకవీ మరికాస్త స్పష్టంగా వస్తాయి. ఒక్క ముఖం మనవైపు తిరిగినా ఫొటోకు ప్రాణం వస్తుంది.

అన్ని ఫొటోల్లో వీపే, లేదా చెవులు వెనక్కి వాలాయి

ఇది అన్నిటికన్నా పెద్ద సమస్య. చెవులు వెనక్కి వాలి, తోక కాళ్ల మధ్యకు పోయి, నడుము కిందికి వంగిందంటే అది మనకు భయపడుతోంది. దీన్ని క్రాపింగ్ దాచలేదు. చెలకలో బండి వేసుకుని తోడేలు వెంటపడడం చూస్తే నాకు కోపం వస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో తోడేలు మొదటి షెడ్యూల్‌లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది, దాన్ని తరమడం నేరం కూడా.

ఇంజన్ ఆపి మంద తోవ పక్కన కూర్చోండి. గొర్రెలు కాసే తాతను మర్యాదగా అడగండి, తోడేలు ఏ దిక్కునుంచి వస్తదో ఆయనకు తెలిసినంత మనకు తెలియదు. ఆయన గొర్రెపిల్లలు పోగొట్టుకున్న మనిషి, మన సంబరం ఆయన ముందు కాస్త తగ్గించుకోవాలి. పిల్లలున్న బొరియ దగ్గరికి మాత్రం అసలు పోవద్దు. తోడేలుకు చలికాలంలో పిల్లలుంటాయి, గుంటనక్కకు వేసవి ముందర.

ఫొటో చూపిస్తే అందరూ "సూపర్ అన్నా" అనే అంటున్నారు

"ఎలా ఉంది?" అని అడిగితే వచ్చే జవాబు అదే. "మీ కన్ను ముందు ఎక్కడికి పోయింది?" అని అడగండి. తోడేలు ముఖానికి బదులు మూలన ఉన్న తెల్లరాయి అన్నారంటే తప్పు దొరికినట్టే. మీరు ఇంకొకరి ఫొటో చూసేటప్పుడు ముందు నాలుగు అంచులూ చూడండి: పాదాలు, తోక తెగాయా, చూసే వైపు ఖాళీ ఉందా. గుంటనక్క తోక ఒంట్లో సగానికి పైగా ఉంటుంది, దాని నల్లటి కొస తెగితే జంతువే తెగినట్టుంటుంది. ఆ తర్వాత కంట్లో వెలుగుచుక్క, చెవుల తీరు. చివరగా "ఇంకో క్షణం ఆగి తల తిప్పినప్పుడు తీస్తే బాగుండేది తమ్ముడూ" అని, మళ్లీ వెళ్లినప్పుడు చేయగలిగిన పనిగా చెప్పండి. ఫొటో పైకి ఎక్కించే ముందు లొకేషన్ వివరాలు తీసేయమని కూడా అప్పుడే గుర్తు చేయండి, ఊరి పేరు కాకుండా జిల్లా పేరు రాస్తే సరిపోతుంది.