పాఠం 7: వేగుజాము

పోయిన పాఠంలో 'రేపు' అనే మాటకు ఒకప్పుడు ఉదయం అనే అర్థం ఉండేదని చెప్పి, చివర 'వేగు'తో వాక్యాలు రాయమన్నాను. వచ్చిన జవాబులు చూశాక సందెవేళను చెప్పే 'మునిమాపు'ను వచ్చే పాఠానికి నెట్టేశాను. "బస్సు వేగుగా వెళ్లింది" అని రాసినవాళ్లున్నారు. వేగుచుక్క అంటే వేగంగా రాలిపోయే చుక్క అని ఇంకొకరు. వేగం సంస్కృతం నుంచి వచ్చింది, వేగు తెలుగు. ఈ రెండింటికీ చుట్టరికం కలపకండి.

వేగు ఒక్కటే అయితే ఇంత తికమక ఉండేది కాదు. బాణలిలో ఉల్లిపాయలు వేగుతాయి. "వీడితో వేగలేకపోతున్నానమ్మా" అన్నప్పుడు వేగడమంటే ఓర్చుకుని నెట్టుకురావడం. రాజు పంపిన వేగులవాడు గూఢచారి. మనకు కావలసింది నాలుగోది: వేగడం, అంటే తెల్లవారడం. "రాత్రి వేగింది" అంటే తెల్లారిందని. క్రియగా ఇది పాత పద్యాల్లో తప్ప ఇప్పుడు వినపడదు కాబట్టి "నేను ఆరింటికి వేగాను" అని రాసినవారిని ఏమీ అనను. కానీ వేగేది రాత్రి, మనిషి కాదు. మనిషి వేగాడంటే ఇంట్లో ఎవరితోనో వేగుతున్నాడని అర్థం.

క్రియ పోయినా వేకువ, వేగుచుక్క, వేగుజాము మిగిలాయి. వేకువ అందరికీ తెలిసిందే, వదిలేస్తున్నాను.

ఇక వేగుజాము. జాము అంటే మూడు గంటలు, పాత లెక్కలో ఏడున్నర గడియలు. గడియకు 24 నిమిషాలు. రాత్రికి నాలుగు జాములు: ఆరు నుంచి తొమ్మిది, తొమ్మిది నుంచి పన్నెండు, పన్నెండు నుంచి మూడు, మూడు నుంచి ఆరు. ఈ చివరిదే వేగుజాము. దీన్నే తెల్లవారుజాము అంటాం.

అంటాం గానీ, పత్రికల్లో ఏం చదువుతున్నాం? "తెల్లవారుజామున ఒంటిగంటకు లారీ బోల్తా." ఒంటిగంటకు ఎవరికి తెల్లవారింది? అది మూడో జాము, నడిరాత్రి. ఈ పొరపాటు ఎక్కడ పుట్టిందో తెలుసుకుంటే మీరు మళ్లీ చేయరు. గడియారం పన్నెండు కొట్టగానే తేదీ మారుతుంది, తేదీ మారింది కాబట్టి కొత్త రోజు ఉదయం మొదలైందని రాసేవారు అనుకుంటారు. పంచాంగం లెక్కలో రోజు మారేది సూర్యోదయంతో. అందుకే పెద్దవాళ్లు ఇవాళ ఒంటిగంటకు జరిగినదాన్ని కూడా "నిన్న రాత్రి" అనే అంటారు. వాళ్లది తప్పు కాదు. "అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకు" అని రాయండి, సరిపోతుంది. "రాత్రి ఒంటిగంటకు" అన్నా చాలు. రెండు గంటలకూ అంతే. రెండున్నరకూ అంతే. ఇంచుమించు మూడయ్యేదాకా తెల్లవారుజాము జోలికి పోవద్దు.

రెండో వైపు నుంచి కూడా జారిపోతారు: "వేకువజామున ఏడు గంటలకు." ఏడింటికి ఎండ గోడెక్కి ఉంటుంది!

నా అడ్డదారి ఒకటుంది. ఆ రోజు పొద్దుపొడుపు ఎప్పుడో చూసి, మూడు గంటలు వెనక్కి జరగండి. అక్కడి నుంచి పొద్దుపొడిచేదాకా వేగుజాము. హైదరాబాదులో జూన్‌లో ఆరుకు ముందే పొద్దు పొడుస్తుంది, జనవరిలో దాదాపు ఆరూ ముప్పావు అవుతుంది. విశాఖలో ఎప్పుడైనా హైదరాబాదు కన్నా ఇంచుమించు 20 నిమిషాలు ముందే.

భోగి మంటలు వేసేది వేగుజామునే. అట్లతద్ది నాడు ఆడపిల్లలు లేచి చద్దన్నం తినేదీ అప్పుడే. పొద్దు పొడిచాక తింటే లెక్కలోకి రాదు. తిరుమలలో సుప్రభాత సేవ మామూలుగా మూడింటి ప్రాంతంలో, అంటే ఇంచుమించు ఈ జాము మొదలయ్యే వేళకు.

తెలంగాణలో "మబ్బుల లేచిన" అంటే ఇదే వేళ. అక్కడ మబ్బు మేఘం కాదు, చీకటి. కోస్తాలో "తెల్లారగట్ట". నిజం చెప్పాలంటే ఈ రెండే నాకు ఎక్కువ ఇష్టం. కథలు రాసేవాళ్లు పాత్రల నోట వీటినే పలికించండి, వేగుజామును కథకుడికి వదిలేయండి. పాలవాడి చేత "వేగుజామున వచ్చానమ్మగారూ" అనిపిస్తే నాటకం అయిపోతుంది.

వేగుచుక్క అంటే శుక్రుడు. ఏడాది పొడుగునా కనిపించడు. కొన్ని నెలలు తూర్పున వేగుజామున, ఆ తర్వాత కొన్ని నెలలు పడమట సంజవేళ. మధ్యలో సూర్యుడి వెలుగులో కలిసిపోయి కనపడని రోజులనే శుక్ర మూఢమని పెళ్లిళ్లు ఆపుతారు. తెల్లవారబోతోందని ముందుగా చెప్పేది కాబట్టే మొదట దారి చూపినవారిని వేగుచుక్క అంటాం. ఉద్యమం ముగిశాక వచ్చి దండలు వేయించుకున్నవారికి ఈ మాట వాడకండి.

అభ్యాసం: వారం రోజుల దినపత్రికలు ముందేసుకుని 'తెల్లవారుజామున', 'వేకువజామున' ఉన్న ప్రతి వార్తనూ కత్తిరించండి. పక్కన గంట రాసి, అది ఏ జామో తేల్చి, తప్పయితే వాక్యం తిరగరాయండి. తర్వాత ఒక రోజు మూడింటికి లేచి పొద్దుపొడిచేదాకా మీ ఇంటి చుట్టూ జరిగినదంతా ఒక పేజీ రాయండి. 'ఉదయం' అన్న మాట ఒక్కసారి కూడా రాకూడదు. అలారం పెట్టుకుని మళ్లీ పడుకున్నవాళ్లు ఊహించి రాయొద్దు, నాకు తెలిసిపోతుంది.